దిగిపోయిన దొరకు జమాబందీ

పెన్న ఒడ్డున సిద్ధవటం కోటకు దగ్గర్లో మాచుపల్లె అనే ఊరుంది. ఆ ఊరి కైఫీయతులో, అంటే స్థానిక చరిత్ర రాతలో, ఒక చిన్న ముచ్చట నమోదై ఉంది. కూచిపూడి భాగవతులు వినుకొండ, బెల్లంకొండ సీమల మీదుగా ఆడుకుంటూ సిద్ధవటం సీమకు వచ్చారు. అప్పుడక్కడ సమ్మెట గురవరాజు ఏలుబడి. పన్ను రాబట్టుకోవడానికి ఆయన మనుషులు ఆడవాళ్ల చన్నులకు చిరుతలనే హింస పనిముట్లు పట్టించి పీడించడం వాళ్ల కంటబడింది. భాగవతులు అక్కణ్నుంచి తప్పుకుని విజయనగరం చేరారు. వీరనరసింహరాయల కొలువులో కేళిక దొరికింది. ఒకడు గురవరాజు వేషం వేశాడు, ఇద్దరు బంట్లయ్యారు, ఇంకొకడు ఆడవేషం కట్టాడు. సిద్ధవటంలో చూసింది చూసినట్టు ఆడి చూపించారు. రాయలు విచారించి, నిజం తెలుసుకుని, సైన్యాన్ని పంపి గురవరాజును పట్టించి చంపించాడు. పదహారో శతాబ్దం తొలి ఏళ్లలో జరిగిందని చరిత్రకారులు లెక్కగట్టే ఈ సంగతిని కూచిపూడి చరిత్ర రాసేవాళ్లు తప్పక ఎత్తుకుంటారు. కూచిపూడి ఆటగాళ్ల ప్రస్తావన కనబడే తొలి ఆధారాల్లో ఇదొకటి మరి. కడప వైపు నుంచి చూస్తే ఇందులో ఇంకో విశేషం ఉంది. సీమను గడగడలాడించిన ఏలిక ఒకడు, తాను బతికుండగానే, తన కోటకు ఎంతో దూరంలో, ఒక పగటివేషంగా మారిపోయాడు.

ఏలినవాళ్ల మీద జనం కట్టుకున్న నవ్వుల పాటను, నవ్వుల ఆటను చదవడానికి మనకు రెండు అలవాట్లున్నాయి. పనిపాటల అలసట తీర్చుకునే కాలక్షేపమని కొందరు తీసిపారేస్తారు. నోరులేని జనం చేసిన తిరుగుబాటని మరికొందరు భుజానికెత్తుకుంటారు. కర్నూలు, కడప సీమల్లో దొరికే ఆధారాలను వరసపెట్టి చూస్తే రెండూ పొసగవు. ఇక్కడి ఎగతాళికి ఒక కట్టుబాటుంది. ఏలికను అది అధికారం పోయాక గానీ, వాడి చెయ్యి అందనంత దూరంలో గానీ పట్టుకుంటుంది. పట్టుకున్నాక వాడి రూపాన్ని, పుట్టుకను, మాటతీరును పెద్దగా లక్ష్యపెట్టదు. ఎంత వసూలు చేశాడు, ఎలా వసూలు చేశాడు, తిరిగి ఏం పెట్టాడు అని అడుగుతుంది. నిజాం కంపెనీకి ధారపోసిన దత్తమండలంలో, అంటే ఈ సీమ జిల్లాల్లో, రైతువారీ పద్ధతి వచ్చాక ఏటేటా జమాబందీ జరిగేది. ఏ రైతు ఎంత సాగుచేశాడు, ఎంత కట్టాలి, ఎంత బాకీ పడ్డాడు అని సర్కారు లెక్క తేల్చేది. సీమ జనం తమ నవ్వుతో చేసింది దానికి ఎదురు జమాబందీ. దిగిపోయిన దొరను రచ్చకట్ట దగ్గర నిలబెట్టి ఆయన పద్దు తేల్చడమే ఈ పాటల పని అని నా వాదన.

మొదటి అభ్యంతరం మాచుపల్లె ముచ్చట దగ్గరే ఎదురవుతుంది. ఆడమనిషిని హింసించడం ఆడి చూపితే అందులో నవ్వెక్కడిది? న్యాయమైన ప్రశ్నే. అయితే భాగవతులు ఎంచుకున్న దారిని గమనించాలి. విన్నపం రాసుకుని పోవచ్చు, కొలువు వాకిట చేతులు జోడించి మొరపెట్టుకోవచ్చు. ఆ రెండూ వదిలి వేషం కట్టారు. వేషం కట్టడంలో ఉన్న బలం తెలుగు పల్లెలకు బాగా తెలుసు. పగటివేషగాడు ఒక పెద్దమనిషిని అనుకరించినప్పుడు ఆ మనిషి డాబూ దాని వెనకున్న ఆశా ఒకేసారి బయటపడతాయి. గద్దె మీది గాంభీర్యం ఒకసారి అనుకరణకు లొంగిందంటే దాని పరువు సగం పోయినట్టే. పైగా ఆ ఆటలో హింస పడేది ఆడవేషం కట్టిన మగవాడు. వాడికి నొప్పి లేదు. నొప్పంతా గురవరాజు పేరుకే. రోతా నవ్వూ పక్కపక్కనే కూర్చోవడం మన ఆటల్లో కొత్తేమీ కాదు. తోలుబొమ్మలాటలో కేతిగాడూ బంగారక్కా బూతుల మధ్యలో ఊరి పెత్తందారుకు ఒక మాట తగిలించి పోవడం చూసినవాళ్లు, రాయల కొలువులో ఆ రోజు మౌనమే రాజ్యమేలిందని నమ్మరు. ఒకవేళ ఎవరూ నవ్వలేదనే అనుకున్నా నా వాదనకు వచ్చే నష్టం తక్కువ. గురవరాజు గురించి ఆ నలుగురు చూపించింది ఏమిటి? ఆయన యుద్ధాలు కావు, వంశం కాదు, అంతఃపురం కాదు. వసూళ్ల పద్ధతి ఒక్కటే.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. కైఫీయతులు గురవరాజు నాటి రాతలు కావు. కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ కోసం, పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో, ఊళ్ల కరణాలూ పెద్దలూ చెప్పినదాన్ని బట్టి రాసినవి. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులు ఆ సేకరణకు కళ్లూ చేతులై పనిచేశారు. మూడు వందల ఏళ్ల కిందట కొలువులో ఎవడు ఏ వేషం కట్టాడో ఆ కరణానికి ఎలా తెలుసు? తెలిసే దారి లేదు, ఉంటే పెద్దల నోటి మాటే. అందుకే ఈ ముచ్చటను పదహారో శతాబ్దానికి సాక్ష్యంగా కోర్టులో నిలబెట్టమంటే వెనకాడక తప్పదు. పంతొమ్మిదో శతాబ్దానికి మాత్రం ఇది తిరుగులేని సాక్ష్యం. సిద్ధవటాన్ని ఏలిన పాత పాలకుల్లో సమ్మెట గురవరాజు ఒకడు. ఆయన గురించి ఊరు దాచుకున్నది ఏమిటో చూడండి. ఆయన కట్టించిన గుడో చెరువో ఉన్నా వాటికంటే ముందు ఆ చిరుతలు జ్ఞాపకమున్నాయి. ఇంకో మాట. మెకంజీ మనుషులకు ఈ కథ చెప్పినవాళ్లకు చదివేదెవరో తెలుసు. సీమ అప్పుడే కొత్త దొరల చేతిలోకి పోయింది, అవే చేలకు కొత్త శిస్తు పడుతోంది. పాత వసూలుదారుకు పట్టిన గతిని కొత్త వసూలుదారు చెవిన వేయడంలో, విజయనగరంలో ఆడిన ఆటే కాగితం మీద మళ్లీ ఆడినట్టుంది. ఇది నా ఊహే. కానీ కరణాలను అమాయకులుగా లెక్కగట్టే చరిత్ర కంటే ఈ ఊహ సీమకు దగ్గరగా ఉంటుంది.

ఇక్కడ పద్యానికీ పాటకూ ఉన్న తేడా చెప్పుకోవాలి, ఎందుకంటే ఎగతాళి అనగానే సీమలో ముందు గుర్తొచ్చేది వేమన. కడపలో ఉద్యోగానికి 1820లో దిగిన సి.పి. బ్రౌన్ ఆ తర్వాత ఆ పద్యాల వెంటపడి 1829లో అచ్చువేశాడు. రాజుల ఆశను, పెద్దల దొంగతనాన్ని, గురువుల మోసాన్ని వేమన ఎండగట్టినంతగా ఎవరూ ఎండగట్టలేదు. అయినా ఆ పద్యాల్లో ఫలానా ఊరి ఫలానా రాజు అని వేలెత్తి చూపడం దాదాపు కనబడదు. పద్యానికి చివర మకుటం ఉంటుంది, కవి తన పేరు తానే ముద్రవేసుకుంటాడు. ముద్రవేసినవాడు దొరికిపోతాడు. అందుకని పద్యం కవి పేరు చెప్పి దొర పేరు దాస్తుంది. జానపదుల పాట దొర పేరు చెప్పి కట్టినవాడి పేరు దాస్తుంది. 'ఎవరు కట్టారబ్బా ఇది?' అని కచేరీ నుంచి బంట్రోతు వచ్చి అడిగితే ఊరంతా పక్కూరి వైపు చూపించగలదు. చెక్కభజనలో, కోలాటంలో, కలుపు తీసే వరసలో ఒకరు ఎత్తుకుంటే పదిమంది అందుకునే పద్ధతికి సంగీతంలో ఎంత అందముందో, నేరాన్ని పదిమందికి పంచడంలో అంత తెలివీ ఉంది. పేరు పెట్టి తిట్టే హక్కును జనం సంపాదించుకున్నది ఈ అనామకత్వంతోనే.

దిగిపోయిన దొరలు ఒక వర్గంగా సీమలో పుట్టింది 1800లో. నిజాం ఆ ఏడు ఈ జిల్లాలను కంపెనీకి ధారపోశాడు. ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రోకు ఎనభై మంది పాలెగాళ్లు, వాళ్ల వెనక ముప్పై వేల దాకా సాయుధులు ఎదురయ్యారు. లొంగనివాళ్లను తరిమాడు, లొంగినవాళ్ల కోటలు ఊడబెరికి, చేతిలో భరణం పెట్టి కూర్చోబెట్టాడు. కర్నూలు నవాబుకు ఇంకో నలభై ఏళ్లు గడువు దొరికింది. 1839లో గులాం రసూల్ ఖాన్ కోటలో ఆయుధాలు పోగుచేస్తున్నాడని కంపెనీ ఆయన్ను దించి తిరుచినాపల్లికి పంపింది, మరుసటి ఏడు ఆయన అక్కడే హత్యకు గురయ్యాడు. ఈ నలభై ఏళ్లలో సీమ ఊళ్లకు ఒక వింత మనిషి పరిచయమయ్యాడు. బిరుదులున్నాయి, బురుజులున్నాయి, మీసం ఉంది, పల్లకీ మోసే బోయీలకు కూలి ఇవ్వడానికి మాత్రం నెల తిరిగేదాకా ఆగాలి. చిరిగిన కోటు, కొయ్య తుపాకీతో వచ్చి లేని జాగీర్లను, లేని ఏనుగులను ఏకరువు పెట్టే పిట్టలదొర వేషం ఏ ఒక్క ఊరి సొత్తూ కాదు, తెలుగునాడంతా తిరిగేదే. ఆ వేషం పాలెగాళ్ల కోసమే పుట్టిందని నేను అనను, దానికి తెల్లదొర టోపీ కూడా ఉంది. కానీ భరణం మీద బతికే పాలెగాణ్ని కళ్లారా చూసిన ఊళ్లో ఆ వేషానికి వివరణ అక్కర్లేదు. పిట్టలదొర కోతల్లో ప్రతిదీ ఆస్తి జాబితా కావడం గమనించండి. ఇన్ని ఎకరాలు, ఇంత బంగారం, ఇంతమంది నౌకర్లు. అక్కడా పద్దే.

ఈ భరణం కథ పతాకస్థాయికి చేరింది కోయిలకుంట్లలో. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి వంతుకు వచ్చిన పాలెగాని భరణం నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు. నొస్సం పాలెగాడు జయరామిరెడ్డికి కూతురి కొడుకు, రేనాటి నల్లరేగడి మీద ఒకప్పుడు అధికారం చలాయించిన ఇంటి వారసుడు, తాలూకా కచేరీ నుంచి తెచ్చుకోవలసిన మొత్తం అది. ఏ హాస్యకవీ ఇంతకంటే పదునైన అంకె కట్టలేడు. ఆ ఎనిమిది పైసలు లెక్కకట్టిన గుమాస్తాకు తాను వ్యంగ్యం రాస్తున్నానని తెలియదు, అంతే. జనం చెప్పుకునే కథ ఇలా సాగుతుంది. భరణం తెమ్మని రెడ్డి మనిషిని పంపితే, రెడ్డే స్వయంగా వస్తే ఇస్తానని తాసీల్దారు అవమానించి తిప్పిపంపాడు. వస్తున్నానని, వచ్చి ఖజానా కొల్లగొడతానని రెడ్డి ముందుగా కబురు చేశాడు. చెప్పినట్టే వచ్చాడు. 1846 జులై 10న కోయిలకుంట్ల ఖజానా మీద దాడి జరిగింది, చేతికి చిక్కింది ఎనిమిది వందల పైచిలుకు రూపాయలు. కట్టుబడి బంట్రోతుల మాన్యాలు కంపెనీ లాగేసుకోవడంతో రగిలి ఉన్న వేలమంది ఆయన వెంట నడిచారు. జులై 23న గిద్దలూరు దగ్గర పోరు నడిచింది, అక్టోబరు 6న పేరుసోముల దగ్గరి కొండల్లో ఆయన పట్టుబడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో రెండు వేల మందికి పైగా చూస్తుండగా ఉరితీశారు. తలను కోట బురుజుకు వేలాడదీసి 1877 దాకా ఉంచారు.

నరసింహారెడ్డి మీద జనం కట్టుకున్న పాటను వీరగాథ అని పిలవడం మనకు అలవాటు. తంగిరాల వెంకట సుబ్బారావు తెలుగు వీరగాథల మీద చేసిన కృషి లేకపోతే ఈ మాత్రం కూడా మనకు దక్కేది కాదు. కానీ వీరగాథ అన్న పేరు కిందపడి ఇందులోని హాస్యం నలిగిపోయింది. 'నువ్వే రా' అన్నందుకు వచ్చి చూపించడం యుద్ధ కథలో వాడే ఎత్తు కాదు, రచ్చకట్ట దగ్గర చెప్పుకునే ఛలోక్తికి ఉండే అల్లిక. అధికారి తన నోటితో తానే పిలిచాడు, పిలిచినందుకు అతిథి వచ్చాడు, బాకీ వసూలు చేసుకున్నాడు. ఏటా జనం దగ్గర వసూలు చేసే కచేరీలో ఒక్క రోజు జనం వైపు నుంచి వసూలు జరిగింది. ఈ తలకిందులు వ్యవహారాన్ని చెప్పేటప్పుడు వినేవాడి పెదాల మీద నవ్వు రాకుండా ఉండదు. అది నరసింహారెడ్డిని చూసి వచ్చే నవ్వు కాదు గదా, తాసీల్దారును చూసి కదా అనవచ్చు. నిజమే. కానీ ఆ భరణం అంకె ఉంది చూశారూ, అది రెండువైపులా కోస్తుంది. పదకొండు రూపాయల కోసం కచేరీ మెట్లెక్కాల్సి వచ్చిన పాలెగాళ్ల దర్పానికి కూడా అందులో ఒక దెబ్బ ఉంది. పాత వసూలుదారూ కొత్త వసూలుదారూ చిల్లర దగ్గర తగాదాపడటాన్ని, ఇద్దరికీ పన్ను కట్టిన రైతు గట్టు మీద కూర్చుని చూశాడు. వీరుడిగా లేచి నిలబడ్డాక ఆయనకు కన్నీళ్లు పెట్టుకున్నదీ ఆ రైతే. కోట బురుజుకు తల ముప్పై ఏళ్లు వేలాడిన ఊళ్లో బయటికి పాడదగింది శోకమో భక్తో మాత్రమే అయి ఉంటుంది. నవ్వును కథ లోపల దాచుకోవాల్సి వచ్చింది.

అదే ఉయ్యాలవాడ నుంచి ఇంకో పెద్దమనిషి పాటకెక్కాడు, బుడ్డా వెంగళరెడ్డి. 1866 కరువులో వేలమందికి అన్నం పెట్టినందుకు ఆయన మీద పాట నిలిచింది. ఖడ్గం పట్టినవాడికీ గంజి పోసినవాడికీ ఒకే ఊళ్లో, ఒకే తరహాలో పాట దక్కిందంటే ఆ పాట దేన్ని తూకం వేస్తుందో వేరే చెప్పక్కర్లేదు. మన్రో సంగతి ఇంకా ఆసక్తికరం. ఆయన 1807లో వెళ్లిపోయేటప్పుడు దత్తమండలంలో శిస్తు నాలుగో వంతు తగ్గించాలని సిఫారసు చేశాడు. పైవాళ్లు వినలేదు. ఊళ్లను గుత్తకిచ్చి చాలామంది రైతులను చెడగొట్టాక, మన్రోయే గవర్నరై తిరిగొచ్చిన తర్వాత గానీ ఆ తగ్గింపు అందలేదు. 1827 జులై 6న పత్తికొండలో కలరాతో పోయాడు. పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు, బిచ్చమెత్తే పాటగాళ్లు ఆయన్ను కీర్తించారు. ఆ కీర్తనలతో పాటు రెండు కథలు పుట్టాయి. పులివెందుల వైపు గండి దగ్గర, పాపాఘ్ని నది రెండు కొండల మధ్య దూరే చోట, మన్రోకు కొండకూ కొండకూ కట్టిన బంగారు తోరణం కనబడిందట. కనబడినవాడు ఎక్కువ కాలం బతకడట. మంత్రాలయంలో మఠం మాన్యం విచారణకు పోతే బృందావనంలోంచి రాఘవేంద్రస్వామి ఆయనతో మాట్లాడాడట, మాన్యం నిలిచిందట. రెండూ భక్తి కథలే. రెండింటి లోపలా ఒక చిరునవ్వు ఉంది. శిస్తు దొరకు సీమలో బంగారం కనబడితే ప్రాణం పోయింది, భూమి లాక్కోవడానికి పోతే సమాధి ఎదురు మాట్లాడింది. మంచి దొరను గౌరవించేటప్పుడు కూడా ఆయన వసూలు ఉద్యోగాన్ని జనం మరిచిపోలేదు. మన్రో పద్దులో తగ్గింపు జమకట్టారు కాబట్టి ఎగతాళి మెత్తగా ఉంది, గురవరాజు పద్దులో చిరుతలు తప్ప ఏమీ లేవు కాబట్టి మొరటుగా ఉంది.

మన్రో కీర్తి సంగతి మనకు చెప్పినవాళ్లు ఎక్కువగా తెల్లదొరలే కదా అని ఎవరైనా నిలదీయవచ్చు. జీవితచరిత్రలూ గెజిటీర్లూ రాసినవాళ్లు తమ దొరకు పాడిన పాటలు విన్నారు, తమను తిట్టిన పాటలు వినలేదు, విన్నా రాయలేదు. ఈ అనుమానాన్ని పూర్తిగా ఒప్పుకుంటాను. గ్రిబుల్ 1875లో కడప మాన్యువల్ రాశాడు, నరహరి గోపాలకృష్ణమ శెట్టి 1886లో కర్నూలు మాన్యువల్ రాశాడు. ఇద్దరూ సర్కారు మనుషులే, ఇద్దరి పుస్తకాలూ సర్కారు పనికి రాసినవే. అయితే తోరణం కథను దొరలు కల్పించి ఉండరు. తమ గవర్నరు చావును ఒక కొండసందు మహిమకు ముడిపెట్టే కథ వాళ్లకు ఏ విధంగానూ పనికిరాదు. పనికిరాని కథ కాగితానికెక్కిందంటే అది అప్పటికే ఊళ్లలో గట్టిగా తిరుగుతున్నదని అర్థం.

మరో విమర్శ నైతికమైనది. గద్దె మీద ఉన్నన్నాళ్లు తలవంచి, దిగాక ఎగతాళి చేయడం పిరికితనం కాదా? పాడినవాళ్లెవరో చూస్తే ఈ మాట ఇంకా గుచ్చుకుంటుంది. జంగాలూ దాసరులూ భాగవతులూ పెద్దింటి గింజల మీద బతికినవాళ్లు. నిన్న పొగిడి కొర్రలు పట్టుకుపోయినవాడే ఇవాళ వెక్కిరిస్తాడు. దీనికి నా జవాబు సీమ చరిత్రలోనే ఉంది. ఇక్కడ దిగిపోయిన దొర నిజంగా దిగిపోడు. కోట పోయినా మనుషులుంటారు, మనుషులు పోయినా వైరాలుంటాయి, తాత పోగొట్టుకున్నదాన్ని మనవడు అడుగుతాడు. నరసింహారెడ్డి లేచింది సరిగ్గా అలాగే. అటువంటి చోట పాత దొరను వెక్కిరించడం చచ్చిన పామును కొట్టడం అవదు. రేపు మళ్లీ రాబోయేవాడికీ, ఇప్పుడు గద్దె మీద ఉండి పక్కనే పాట వింటున్నవాడికీ అది ముందస్తు నోటీసు. బతికున్న అధికారికి నేరుగా చెప్పలేనిదాన్ని పోయినవాడి పేరు మీద చెప్పడంలో భయం ఉంది, ఉపాయమూ ఉంది. ఒక మాట మాత్రం దాచకూడదు. ఈ నవ్వు ఏ పన్నునూ తగ్గించలేదు. గురవరాజును చంపింది రాయల సైన్యం, శిస్తు తగ్గించింది గవర్నరు సంతకం. పాట చేసింది ఎవరు ఎంత తిన్నారో మరవకుండా చూడటం. అంతకు మించి దానికి గొప్పలు అంటగట్టడం నాకు ఇష్టం లేదు.

ఓట్లు వచ్చాక ఈ ఆచారానికి కాలం కలిసిరావాల్సింది, ఎందుకంటే దిగిపోవడం ఇప్పుడు రాజ్యాంగబద్ధం. దానికి తొలి రంగస్థలం కూడా కర్నూలే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రానికి గుడారాల మధ్య రాజధాని వెలిసింది. ఏడాది దాటిన కొన్నాళ్లకే మద్యనిషేధం వివాదంలో ఒక్క ఓటు తేడాతో ప్రకాశం పంతులు మంత్రివర్గం పడిపోయింది. రాష్ట్రపతి పాలన నడిచింది, 1955 మార్చిలో బెజవాడ గోపాలరెడ్డి వచ్చారు. 1956 నవంబరు 1న రాజధానే హైదరాబాదుకు వెళ్లిపోయింది. మూడేళ్లలో కర్నూలు ఇన్ని దిగిపోవడాలను చూసింది. అదే కాలానికి బుర్రకథ ఊరూరా నిలదొక్కుకుంది. అందులో కథకుడికి అటొకడు ఇటొకడు నిలబడతారు, ఒకడు హాస్యపు వంత, ఇంకొకడు రాజకీయపు వంత. నవ్వుకూ రాజకీయానికీ వేదిక మీద శాశ్వతంగా చోటు కేటాయించిన కళ ఇంకెక్కడైనా ఉందేమో గానీ నాకు తట్టదు. దురదృష్టం ఏమిటంటే ఆ వెంటనే పార్టీలు ఈ గొంతును కొనుక్కున్నాయి. సినిమా బాణీకి పేరడీ కట్టి, లౌడుస్పీకరు పెట్టి ఎదుటి పార్టీ నాయకుణ్ని తిట్టించే పాట వచ్చింది. పైకి ఇదీ ఎగతాళే. కానీ ఇది పద్దు తేల్చదు. ఒకరి పద్దు మాత్రమే చదివి రెండోవారి పద్దు మూసేస్తుంది, పాడించినవాడు గెలిచిన మర్నాడు నోరు మూసుకుంటుంది. ముఖ్యంగా దీన్ని రాసినవాడికి కూలి ముందే ముట్టింది. పాత పాటగాడికీ గింజలు ముట్టేవి, నిజమే, కానీ వాడికి ఊరంతా గింజలు పెట్టేది.

సేకర్తల మీద కూడా ఒక ఫిర్యాదు ఉంది. బిరుదురాజు రామరాజు తెలుగు జానపద గేయాల మీద తొలి పెద్ద పరిశోధన చేసి ఈ రంగానికి గౌరవం తెచ్చారు. కలిమిశెట్టి మునెయ్య లాంటివాళ్లు రాయలసీమ పాటలను ఊరూరా ఏరి కూర్చారు. వాళ్ల శ్రమకు దండం పెట్టాల్సిందే. అయినా మన సంకలనాల్లో జోల, దంపుడు, కోలాటం, స్త్రీల పాటలు, వీరగాథలకు దక్కిన చోటు, పేరు పెట్టి నాయకుణ్ని వెక్కిరించే పాటకు దక్కలేదు. కారణాలు ఊహించడం కష్టం కాదు. అందులో బూతు ఉంటుంది, కులం పేరు దొర్లుతుంది, ఆ నాయకుడి మనవడు అదే ఊళ్లో ఉంటాడు. పైగా ఆ పాట ఆయుష్షు తక్కువ. తాసీల్దారు మారితే సగం పాట మారిపోతుంది. పేర్లు మార్చి పాడుకుంటారు కాబట్టి అసలు పాఠం ఏదని పండితుడు తల పట్టుకుంటాడు. నిజానికి పేరు మారినా చరణం నిలిచిందంటే ఆ చరణంలోని ఫిర్యాదు ఇద్దరు నాయకుల కాలంలోనూ తీరలేదని అర్థం. చరిత్రకారుడికి అంతకంటే కావలసింది ఏముంది?

కర్నూలు, కడప జిల్లాల్లో చెక్కభజన గురువులు, తోలుబొమ్మల కుటుంబాలు, వరినాట్లలో పాట ఎత్తుకునే అవ్వలు ఇంకా ఉన్నారు. వాళ్ల దగ్గరకు పోయే విద్యార్థులకు, రేడియోవాళ్లకు, ఫోన్లో రికార్డు చేసుకునే కుర్రాళ్లకు ఒక్కటే విన్నపం. దేవుడి పాట, పెళ్లి పాట అయ్యాక లేచి రాకండి. మీ ఊరిని ఏలి దిగిపోయినవాళ్ల మీద ఏమైనా కట్టుకున్నారా అవ్వా అని అడగండి. పాడితే బూతు కత్తిరించకండి, నాయకుడి పేరు మార్చకండి, ఏ ఏడు, ఏ ఊరు, ఏ కరువు, ఏ పన్ను అన్నది పక్కనే రాసిపెట్టండి. పాడినవాళ్ల పేరు మాత్రం వాళ్లు వద్దంటే రాయకండి.